మన బస్సు నంబర్లలో ఆ జెడ్ ఎందుకు?

ప్రశ్న: పాత ఏపీ 11 జెడ్ బస్సులైనా, తర్వాత వచ్చిన టీఎస్ బస్సులైనా ఆర్టీసీ ప్లేటు మీద జెడ్ మాత్రం పోలేదు. దీని వెనక కథేంటి?

జవాబు: నిజాం కాలం నాటిది బ్రో. 1932లో నిజాం రైల్వే కిందే 27 బస్సులు, 166 మంది సిబ్బందితో సర్వీసు మొదలైంది, ఏడో నిజాం తన తల్లి జెహ్రా బేగం పేరు బస్సులకి పెట్టాలనుకుని చివరికి ఆ ఒక్క అక్షరంతో సరిపెట్టుకున్నాడంటారు.

జవాబు: అప్పటి ఆల్బియన్ కంపెనీ బస్సు హైదరాబాద్‌లో బస్ భవన్ (ఆర్టీసీ హెడ్ ఆఫీసు) దగ్గర ఉంది, చూడండి.

జవాబు: నాకైతే డబుల్ డెక్కరే అసలు వారసత్వం. సికింద్రాబాద్ నుంచి జూపార్కుకి 7జెడ్ రూటు బస్సులో పైన ముందు సీటు కోసం కొట్టుకునేవాళ్లం! 2003లో ఆపేశారు. 2023లో ఎలక్ట్రిక్‌వి తెచ్చారు గానీ అవి టూరిస్టులకే, ఆఫీసుకెళ్లేవాడికేం లాభం?

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అన్నా, ఆదివారం బస్ భవన్ వైపు వెళ్తా.