బడిపిల్లలను ఫ్లై ఫిషింగ్‌కు తీసుకువెళ్ళినవారు మీ అనుభవాలు చెప్పండి

సైన్సు పంతులు:
అందరికీ నమస్కారం. మా బడిలో ఆరో తరగతి పిల్లలు 24 మందిని వచ్చే నెలలో ఒక పూట నీటి ఒడ్డుకు తీసుకువెళ్ళి ఫ్లై ఫిషింగ్ చూపించాలని, వీలైతే వారి చేతనే చేయించాలని అనుకుంటున్నాను. నాకు ఈ పనిలో పదేళ్ళ అలవాటు ఉంది. అయితే ఒంటరిగా ఒడ్డున నిలబడటం వేరు, పదకొండేళ్ళ పిల్లలు ఇరవై నలుగురి చేతికి కొక్కేలు ఇవ్వడం వేరు. మామూలు గాలంలో ఎర బరువు, సీసపు గుండు బరువు దారాన్ని లాక్కుపోతాయి. ఇక్కడ కొక్కెం మీద ఈకలతో, ఉన్నితో పురుగులా కట్టిన ఎరకు, అంటే ఫ్లైకి, దాదాపు బరువే ఉండదు కనుక, బరువైన దారాన్నే వెనక్కీ ముందుకీ ఆడించి విసరాలి. అంటే విసిరే ప్రతి బిడ్డ వెనుకా ఒక కొక్కెం గాలిలో తిరుగుతూ ఉంటుంది. పిల్లలకు ఎంతమంది పెద్దలు తోడుండాలి, ఎన్ని గాలపు కర్రలు కావాలి, మీకు ఎదురైన చిక్కులేమిటి అన్నది వివరంగా రాస్తే నాకు ఎంతో మేలు చేసినవారవుతారు.

ఏటిగట్టు:
పంతులు గారూ, ముందుగా నేను చేసిన తప్పు చెబుతాను. మొదటిసారి 18 మంది పిల్లలను తిన్నగా ఏటికి తీసుకువెళ్ళి, ఒక్కొక్కరికీ ఒక్కో కర్ర ఇచ్చాను. రెండు గంటల సేపు నేను చేసిన పనల్లా చిక్కుపడిన దారాలు విప్పడం. పిల్లలు కర్రలు పట్టుకుని నా వంతు ఎప్పుడొస్తుందా అని వరుసలో నిలబడ్డారు. చేప సంగతి అటుంచి, ఒక్కసారైనా సరిగా విసిరిన తృప్తి వారిలో ఎవరికీ దక్కలేదు.

మరుసటి ఏడాది నుంచి నీటి దగ్గరకు వెళ్ళే ముందు రెండు తరగతులు పచ్చిక మైదానంలోనే పెడుతున్నాను. కొక్కెం బదులు దారం చివర ఎర్రటి ఉన్ని పోగు ముడివేసి, ఏడెనిమిది మీటర్ల దూరంలో వలయాలు పరిచి, వాటిలో ఉన్నిని దించమంటాను. పిల్లలందరూ చేసే పొరపాటు ఒకటే. వెనక్కి విసిరిన దారం పూర్తిగా చాచుకోక ముందే కర్రను ముందుకు కొట్టేస్తారు. చాచుకున్న దారం బరువుకు కర్ర విల్లులా వంగాలి, ఆ వంపు విడివడినప్పుడే దారం ముందుకు దూకుతుంది. పుల్ల చివర గుచ్చిన తడిమట్టి ముద్దను విసిరేటప్పుడు పుల్లను చటుక్కున ఆపితేనే ముద్ద ఎగిరిపోతుంది కదా, కర్రను కూడా చెవి పక్కన అలాగే ఆపమని చెబుతాను. ఈ ఒక్క పోలిక అందినవారికి మిగతాది చేయి తానే నేర్చుకుంటుంది.

నీటి దగ్గర మాత్రం వెనక్కి విసరడం పూర్తిగా మానిపించి, రోల్ కాస్ట్ ఒక్కటే చేయిస్తాను. నీటి మీద పరుచుకున్న దారాన్ని నెమ్మదిగా జరుపుకుంటూ కర్రను చెవి దాకా ఎత్తి, దారం భుజం వెనుక చిన్న తోరణంలా వేలాడేదాకా ఆగి, ముందుకు ఒక్క విసురు ఇస్తే, చుట్టిన చాప విప్పుకున్నట్టు దారం నీటి మీద దొర్లుకుంటూ పోతుంది. భుజం వెనుక ఆ కాస్త దారం తప్ప ఏదీ వెనక్కి ఎగరదు, ఒడ్డున చెట్లున్నా ఇబ్బంది ఉండదు. దీనికి దారాన్ని నీరు పట్టి ఉంచాలి కనుక పచ్చిక మీద ఇది సరిగా కుదరదు. మైదానంలో ప్రయత్నించి నిరుత్సాహపడకండి.

కర్రల లెక్క చెబుతాను. 24 మందిని ఎనిమిదేసి మంది చొప్పున మూడు జట్లు చేయండి. ఒక జట్టు కర్రల దగ్గర, ఒకటి నీటి పురుగుల దగ్గర, ఒకటి ముడులు వేయడం, ఫ్లైలు కట్టడం దగ్గర ఉండి, 40 నిమిషాలకొకసారి చోటు మారాలి. కర్రల దగ్గర ఎనిమిది మందీ జంటలుగా విడిపోతే మీకు నాలుగే కర్రలు చాలు, అదనంగా ఒకటి ఉంచుకోండి. జంటలో ఒకరు విసురుతుంటే రెండోవారు పక్కకు నిలబడి వెనుక ఎవరూ రాకుండా చూడాలి. కర్రకూ కర్రకూ పది మీటర్ల ఎడం ఉండాలి. కర్రల దగ్గర కనీసం ఇద్దరు పెద్దలు కావాలి, మొత్తం మీద నలుగురు పిల్లలకు ఒక పెద్ద మనిషి కంటే తక్కువైతే నేను బయలుదేరను. ఎనిమిది అడుగుల కర్ర, 5 నంబరు దారం (ఈ నంబరు దారం బరువును చెబుతుంది) ఈ వయసు చేతులకు సరిపోతాయి. కర్ర మీద రాసిన నంబరు కంటే ఒక నంబరు బరువైన దారం ఎక్కిస్తే, కొద్ది దూరంలోనే కర్ర వంగడం పిల్లల చేతికి తెలుస్తుంది.

ప్రథమ చికిత్స:
నేను నర్సుగా పనిచేస్తున్నాను, ఇలాంటి బృందాలతో చాలాసార్లు వెళ్ళాను. ఏటిగట్టు గారు చెప్పినవాటికి ముందు చేయవలసిన పని ఒకటుంది. ప్రతి కొక్కెం ముల్లునూ, అంటే మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న కొనను, పట్టకారుతో నొక్కి చదును చేయాలి. చదునైందో లేదో కంటితో చూసి నిర్ణయించకండి. పాత నూలు గుడ్డలో గుచ్చి వెనక్కి లాగండి. ఒక్క పోగు పట్టుకున్నా ముల్లు ఇంకా మిగిలి ఉన్నట్టే, మళ్ళీ నొక్కాలి. ముల్లు లేని కొక్కెం చర్మంలో దిగినా దిగిన దారినే వెనక్కి వచ్చేస్తుంది. చేప నోటికి కూడా అదే మేలు.

ముల్లున్న కొక్కెం ఎవరికైనా లోతుగా దిగితే, దాని వంపు చుట్టూ గట్టి దారం ఒకటి తగిలించి, కొక్కెం కాడను చర్మానికి ఆనేలా వేలితో అదిమి పట్టి, దారాన్ని చర్మానికి సమాంతరంగా ఒక్క కుదుపున లాగే పద్ధతి ఉంది. నేర్చుకున్నవారే దాన్ని చేయాలి. తరువాత గాయాన్ని కడిగి, ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించారో కనుక్కోవాలి. కంటిలో గానీ, రెప్ప మీద గానీ గుచ్చుకుంటే మాత్రం ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. కంటిని నొక్కకుండా పైన ఒక కాగితపు కప్పు బోర్లించి కట్టి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. అంతదాకా రాకుండా ఉండటానికే, విసిరేవారే కాదు, పక్కన చూసేవారూ, మీరూ కూడా రక్షణ కళ్ళద్దాలు, అంచున్న టోపీ తప్పక ధరించాలి.

పిల్లలను నీటిలోకి దించకండి, ఒడ్డు నుంచే విసిరించండి. నీటి అంచున ఉన్నంతసేపూ లైఫ్ జాకెట్ ఉండాలి. ఉరుము వినిపిస్తే వెంటనే కర్రలు కింద పెట్టించండి, ఎందుకంటే ఈ కర్రల్లో ఎక్కువ భాగం కార్బన్ పోగులతో చేసినవి, వాటి గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు గడిచేదాకా పిల్లలను ఒడ్డుకు రానివ్వకూడదు. తలపైన విద్యుత్ తీగలున్న చోటును ముందే వదిలేయండి.

తూనీగ:
పురుగుల జట్టును తక్కువగా చూడవద్దని నా మనవి. నాకు తెలిసినంతలో పిల్లల మనసుకు ఎక్కువగా పట్టేది అదే. తెల్లటి పళ్ళెంలో రెండంగుళాల నీళ్ళు పోసి, ఏటి అడుగున ఉన్న రాయిని మెల్లగా తిప్పి, దాని కింది భాగాన్ని మెత్తటి కుంచెతో ఆ నీటిలోకి కడగండి. మొదట బురద తప్ప ఏమీ కనబడదు. ఒక నిమిషం కదలకుండా చూడమనండి. బురద తేరుకున్నాక ఏదో ఒక మచ్చ నడవడం మొదలుపెడుతుంది.

మేఫ్లై అనే కీటకపు నింఫ్‌కు (రెక్కలు రాకముందు నీటిలో బతికే పిల్లకు) సాధారణంగా మూడు తోకలుంటాయి, పొట్టకు రెండు వైపులా ఆకుల్లాంటి మొప్పలు అల్లల్లాడుతూ కనిపిస్తాయి. స్టోన్‌ఫ్లై నింఫ్‌కు రెండే తోకలు, ప్రతి కాలి చివర రెండేసి గోళ్ళు. కాడిస్‌ఫ్లై లార్వాల్లో చాలా రకాలు ఇసుక రేణువులనో, పుల్ల ముక్కలనో నోటి నుంచి వచ్చే పట్టుతో అతికించి గొట్టం కట్టుకుని అందులో కాపురం ఉంటాయి. భూతద్దంలో ఆ గొట్టం రాతిగోడ కట్టినట్టు ఉంటుంది. ఈ మూడు వర్గాలూ నీటి కాలుష్యాన్ని అంతగా తట్టుకోలేవు కనుక, నీటి నాణ్యతను అంచనా వేసేవారు కూడా వీటినే లెక్కపెడతారు. పిల్లలు దొరికినవాటిని లెక్కవేసి రాసుకుంటే, అది మీ సైన్సు పాఠం కూడా అవుతుంది.

ఆ తరువాతే ఫ్లైల డబ్బా తెరిచి, పళ్ళెంలో నడుస్తున్న పురుగుకు దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోమనండి. ట్రౌట్ అనే చన్నీటి చేప తన ఆహారంలో ఎక్కువ భాగాన్ని నీటి లోపలే తింటుందని, పైన తేలే రెక్కల పురుగు కొద్ది సేపటి వంటకమేనని వారికి అప్పుడు అర్థమవుతుంది. రెక్కలు వచ్చిన తరువాత కూడా మరోసారి కుబుసం విడిచే కీటకం మేఫ్లై ఒక్కటే. ఈ మాట చెప్పినప్పుడు నేను తీసుకువెళ్ళిన పిల్లలు నాతో మూడుసార్లు చెప్పించుకున్నారు. పని అయ్యాక పురుగులను నీటిలోకి వదిలి, రాయిని తీసిన చోటే, తీసిన తీరుగానే పెట్టించండి.

ఒంటిదారం:
రీలు (దారం చుట్టే చక్రం) లేని టెంకారా కర్రను కూడా పరిశీలించండి. ఇది జపాను కొండవాగుల్లో పుట్టిన పద్ధతి. కర్ర కొసకే నేరుగా దారం కట్టి ఉంటుంది, సర్దుకోవలసిన అదనపు దారం ఉండదు కనుక చిక్కులు బాగా తగ్గుతాయి. పది నిమిషాల్లోనే పిల్లలు ఫ్లైని అనుకున్న చోట దించగలుగుతారు.

ఏటిగట్టు:
ఒంటిదారం గారి మాటను నేను సగం వరకే ఒప్పుకుంటాను. చిక్కులు తగ్గే మాట నిజమే. కానీ ఆ కర్రలు తరచూ పన్నెండు అడుగుల దాకా ఉంటాయి, పదకొండేళ్ళ బిడ్డ దాన్ని పట్టుకుని పక్కకు తిరిగితే కొస ఎక్కడ తగులుతుందో చెప్పలేం. విశాలమైన చెరువు గట్టున అయితే సరే, చెట్ల మధ్య వాగు దగ్గర వద్దు.

ఒక తల్లి:
మా అమ్మాయి ఇలాంటి విహారానికి వెళ్ళి, చేప నోటి నుంచి కొక్కెం తీయడం చూసి ఆ రాత్రంతా ఏడ్చింది. వదిలేయడానికే పట్టుకుంటున్నప్పుడు ఆ చేపను బాధపెట్టడం ఎందుకని అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది. మీరు పిల్లలకు ఏమని చెబుతారు?

తూనీగ:
అమ్మా, మీ అమ్మాయి అడిగినది న్యాయమైన ప్రశ్న. చేపకు ఏమీ కాదని నేను పిల్లలతో ఎన్నడూ చెప్పను, ఎందుకంటే అది నిజం కాదు. చేప అలసిపోతుంది, గాయపడుతుంది, అజాగ్రత్తగా పట్టుకుంటే వదిలిన తరువాత చనిపోవచ్చు కూడా. అందువల్ల చేప దొరకక ముందే నియమాలు చెబుతాను. చేతులు తడుపుకోకుండా చేపను తాకకూడదు, పొడి చేయి దాని ఒంటి మీది జిగురు పొరను ఊడదీస్తుంది. కొక్కెం తీయడం నీటిలోనే జరగాలి. బయటికి ఎత్తవలసి వస్తే పది సెకన్లకు మించకూడదు. నీటి వేడి 20 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ రోజు ట్రౌట్ జోలికి వెళ్ళం, ఎందుకంటే నీరు వేడెక్కే కొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గి, అలసిన చేప తేరుకోలేదు.

వద్దనుకున్న బిడ్డను బలవంతపెట్టకూడదు. అలాంటివారికి కొక్కెం మొనను పూర్తిగా కత్తిరించిన ఫ్లై ఇస్తాను. చేప పైకి వచ్చి దాన్ని అందుకుంటుంది, రుచి తెలిసి ఉమ్మేస్తుంది. చేపను మోసగించగలిగిన ఆనందం బిడ్డకు దక్కుతుంది, చేపకు గీత కూడా పడదు.

సైన్సు పంతులు:
మీ అందరి సలహాలతో మొన్న వెళ్ళివచ్చాము. 22 మంది పిల్లలు, ఏడుగురు పెద్దలు వచ్చారు. వాగు వద్దనుకుని, గట్టు మీద చెట్లు లేని చిన్న చెరువును ఎంచుకున్నాను. అనుమతులు, తల్లిదండ్రుల సంతకాలు, ఎవరికి ఏ మందు పడదన్న వివరాలు ముందే తీసుకున్నాను.

పచ్చిక మీద రెండు తరగతులు పెట్టడం వల్ల నీటి దగ్గర చిక్కుపడిన దారాలు ఐదారుకు మించలేదు. ముడుల జట్టుకు లావుపాటి తాడు, ఇనుప కడియం ఇచ్చి కొక్కేనికి దారం కట్టే క్లించ్ ముడిని ఐదు చుట్లతో వేయించాను. తాడుతో నేర్చుకున్నవారు సన్నటి దారంతో కూడా వేయగలిగారు, బిగించే ముందు ఉమ్మితో తడపడం ఎవరూ మరిచిపోలేదు. మొత్తం మీద రెండే చేపలు దొరికాయి, రెండూ అరచేతిలో పట్టేంతవి. మొన కత్తిరించిన ఫ్లై కావాలని నలుగురు అడిగారు. వారిలో ఒక అమ్మాయి, తన ఫ్లై కింద నీరు ఉబికి, ఒక చిన్న నోరు తెరుచుకుని, మళ్ళీ మూసుకోవడాన్ని తొమ్మిదిసార్లు లెక్కపెట్టి పుస్తకంలో రాసుకుంది.

ఒక సంఘటన మాత్రం నన్ను కలవరపెట్టింది. రెండో జట్టు విసురుతున్నప్పుడు గాలి దిక్కు మారి, ఒక అబ్బాయి దారం అతని మీదికే కొట్టుకువచ్చి, కొక్కెం టోపీ అంచులో దిగబడింది. దెబ్బ తగలలేదు. ఆ అంచు లేకపోతే అది చెంపకు తగిలేది. వచ్చే శుక్రవారం మరో తరగతి పిల్లలను తీసుకువెళ్ళాలి, దీనికి ఏం చేయాలో చెప్పండి.

ఏటిగట్టు:
ఈ జాగ్రత్త నేను మొదటే రాయవలసింది, మన్నించండి. కుడిచేత్తో విసిరేవారికి గాలి ఎప్పుడూ ఎడమ వైపు నుంచే రావాలి. అప్పుడు దారం ఒంటికి దూరంగా తోసుకుపోతుంది. కుడి వైపు నుంచి వస్తే మీరు చూసినట్టే జరుగుతుంది. ఒడ్డున ఒక కర్రకు ఉన్ని పోగు కట్టి పాతండి, అది దిక్కు మారగానే విసరడం ఆపించండి. ఎడమచేతి వాటం పిల్లలు ఎంతమంది ఉన్నారు?

సైన్సు పంతులు:
ముగ్గురున్నారు.

ఏటిగట్టు:
అయితే ఒక పెద్ద మనిషిని తోడిచ్చి వారిని అవతలి గట్టుకు పంపండి. మీకు ఎడమ నుంచి వీచే గాలి, అటు నుంచి నీటికి ఎదురుగా నిలబడిన వారికి కుడి నుంచి వీస్తుంది, వారికి కావలసింది అదే.