ఐదు తీగల బేస్ గిటార్: 34 అంగుళాలా, 35 అంగుళాలా?

నమస్కారం. నాది జాజ్ బేస్ తరహా నాలుగు తీగల బేస్, స్కేల్ (నట్ నుంచి శాడిల్ దాకా తీగ మోగే పొడవు) 34 అంగుళాలు. మా బృందంలో పాటలు ఎక్కువగా ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతుల్లో ఉంటాయి. అంటే సి, సి షార్ప్, డి. మూడూ నా బేస్‌లో అన్నిటికంటే కింది తీగ అయిన ఇ కంటే కిందివే.

ఇ తీగను డి కి దించితే రెండు శ్రుతి ఒక్కటే తీరింది. సి దాకా దించితే .105 అంగుళాల మందం ఉన్న ఆ తీగ వదులై ఫ్రెట్లకు కొట్టుకుంటోంది. స్వరాన్ని ఒక స్థాయి కిందికి దించే ఆక్టేవ్ పెడల్ కింది స్వరాల దగ్గర తడబడుతోంది.

చివరికి మామూలు ఇ-ఎ-డి-జి బదులు .130 అంగుళాల బి తీగతో బి-ఇ-ఎ-డి కట్టాను. నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) గాడి వెడల్పు చేయించాను, మెడ వంపు సరిచేసే ట్రస్ రాడ్ తిప్పాను, 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు 2.6 మి.మీ. పెట్టాను. శాడిల్‌ను (కింది చివర తీగ ఆనే ముక్కను) స్ప్రింగ్ తీసేసి మరీ పూర్తిగా వెనక్కి లాగినా 12వ ఫ్రెట్ స్వరం 10 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) ఎక్కువే. బి తీగ 5వ ఫ్రెట్ మీద ఇ మీటి, పక్కన ఖాళీ ఇ తీగ మీటితే తేడా చెవికి పట్టేస్తోంది: ఒకటి బురదలో, ఒకటి గట్టు మీద. పైగా జి తీగ పోయింది, పైస్థాయి సంగతులు వాయించాలంటే చెయ్యి మెడ చివరిదాకా పోవాలి.

అందుకే మామూలు నాలుగు తీగలకు కింద బి తీగ కూడా ఉండే ఐదు తీగలది కొనాలనుకుంటున్నాను. లెక్క ప్రకారం అదే తీగకు 35 అంగుళాల్లో బిగువు పెరిగేది సుమారు 6 శాతమే, మొదటి ఫ్రెట్ దూరం మాత్రం 1.4 మి.మీ. పెరుగుతుంది.

రెండూ వాయించినవాళ్లు చెప్పండి: 34 అంగుళాల ఐదు తీగల బేస్ మీద బి తీగ 5వ ఫ్రెట్ దాటాక కూడా స్పష్టంగా పలుకుతుందా, లేక 35 అంగుళాలదే కొనాలా?