ఎదిగిన, చిన్న సైజు కుక్కను దత్తత తీసుకోవాలనుకుంటున్నాము: ఎక్కడ వెతకాలి, ఏమేమి చూసుకోవాలి?

ప్రశ్న (విశ్రాంత ఉపాధ్యాయుడు, కూకట్‌పల్లి)

నమస్కారం. మేమిద్దరం మూడో అంతస్తులోని ఫ్లాట్‌లో ఉంటున్నాము. మా పామెరేనియన్ ముసలిదై పోయిన సంవత్సరం కాలం చేసింది. మళ్లీ ఒక కుక్క ఉంటే బాగుంటుందని నా భార్య అంటున్నది, కానీ ఆమెకు మోకాలి ఆపరేషన్ అయినందువల్ల కాళ్లకు అడ్డం పడుతూ, చెప్పులు కొరుకుతూ తిరిగే కుక్కపిల్లను పెంచే ఓపిక మాకు లేదు. అందుచేత మూడు నుంచి ఏడేళ్ల మధ్య వయసుండి, పది కిలోలకు మించని కుక్కను, అదీ ఎవరో వదిలేయగా రక్షించి తెచ్చినదాన్ని తీసుకోవాలని నిర్ణయించుకున్నాము. ఆదివారాల్లో ఐదేళ్ల మనవడు వస్తుంటాడు. ఇలాంటి కుక్క ఎక్కడ దొరుకుతుంది? దాని స్వభావాన్ని ముందుగా తెలుసుకునే మార్గం ఏమిటి? మా అపార్ట్‌మెంట్ సంఘం కొత్తగా కుక్కలను తేకూడదని తీర్మానం చేసింది. దానికి ఏమని సమాధానం చెప్పాలి?

సమాధానం (రెస్క్యూ కుక్కలకు ఇంట్లో తాత్కాలిక ఆశ్రయమిచ్చే సభ్యురాలు, మల్కాజిగిరి)

మాస్టారూ, మీరు కోరుతున్న కుక్కలు మీరనుకునే దానికంటే ఎక్కువే ఉన్నాయి. మనవాళ్లు పామెరేనియన్ అని పిలిచే తెల్లటి ఇండియన్ స్పిట్జ్‌లు, షిట్జూలు, పగ్‌లు, డాష్‌హండ్‌లు నాలుగైదేళ్లు పెరిగాక, యజమానులు విదేశాలకు వెళ్లారనో, అద్దె ఇల్లు మారవలసి వచ్చిందనో, ఇంట్లో బిడ్డ పుట్టిందనో వీధిన పడుతుంటాయి. ఈనడానికి పనికిరాకుండా పోయాయని బ్రీడర్లు వదిలించుకున్న ఆడకుక్కలు కూడా వీటిలో ఉంటాయి. 2017 నాటి నిబంధనల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కాకుండా కుక్కలతో వ్యాపారం చేయకూడదు, కానీ ఇంటి మేడ మీద నాలుగు బోనులు పెట్టుకుని నడిపేవారు ఇప్పటికీ తక్కువేమీ కాదు.

వెతకడం షెల్టర్లతో మొదలుపెట్టండి. అక్కినేని అమల 1992లో ప్రారంభించిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్‌ను సంప్రదించవచ్చు. దానితోపాటు మీ ప్రాంతంలోని పశువైద్యశాలల నోటీసు బోర్డులనూ, కుక్కలను తాత్కాలికంగా ఇళ్లలో ఉంచి సాకే ఫోస్టర్ బృందాలనూ అడగండి. నా మటుకు నేను ఫోస్టర్ ఇంటికే ఓటు వేస్తాను. షెల్టర్‌లో వందల గొంతుల మధ్య మూలన నక్కి కూర్చున్న కుక్క నిజంగా పిరికిదో, అక్కడి గోలకు బెదిరిందో ఎవరూ చెప్పలేరు. ఇంట్లో ఉన్న కుక్క గురించైతే కాలింగ్ బెల్ మోగినప్పుడు ఏం చేస్తుంది, తింటున్నప్పుడు గిన్నె దగ్గరకు వెళ్తే గుర్రుమంటుందా, పాదాలు తుడవనిస్తుందా, ఒంటరిగా వదిలి వెళ్తే ఎంతసేపు అరుస్తుంది అన్న సంగతులు సాకినవారికి తెలిసిపోతాయి. పెద్ద వయసు కుక్కను తెచ్చుకోవడంలో అసలైన లాభం ఇదే. పిల్లను తెస్తే రేపు అది ఏమవుతుందో తెలియదు, దీని విషయంలో అడిగితే తెలుస్తుంది.

కనీసం రెండుసార్లు వెళ్లి చూడండి, రెండోసారి మనవణ్ణి కూడా తీసుకువెళ్లండి. పిల్లవాడు పరుగెత్తినప్పుడు కుక్క బిగుసుకుపోయి, పెదవులు నాకుతూ, కంటి తెల్లగుడ్డు కనిపించేలా పక్కకు చూస్తుంటే అది ముద్దుగా చూడడం కాదు, భయపడుతున్నదని అర్థం. ఇంకొక మాట. కుక్కను చూపించకుండానే రవాణా ఖర్చులకని ముందుగా డబ్బు పంపమనే వారికి ఒక్క రూపాయి కూడా పంపకండి. టీకాలకూ, కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కూ అయిన ఖర్చులో కొంత తీసుకోవడం వేరు, దానికి రసీదు ఇస్తారు.

సమాధానం (పశువైద్యురాలు, విజయవాడ)

పై సభ్యురాలు స్వభావం గురించి చెప్పారు కాబట్టి నేను ఆరోగ్యానికే పరిమితమవుతాను. రక్షించిన కుక్క వయసు అంచనాయే తప్ప ఖచ్చితం కాదు. పళ్ల అరుగుదలను బట్టి చెబుతాము కాబట్టి, ఐదు అన్నది ఏడైనా ఆశ్చర్యపోకండి. చిన్న జాతులు సాధారణంగా పన్నెండు నుంచి పదిహేనేళ్లు బ్రతుకుతాయి, అందువల్ల ఆ తేడాకు వెనుకాడనవసరం లేదు.

ఇంటికి తేకముందే రక్తపరీక్ష చేయించండి. మన వాతావరణంలో పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ చాలా సాధారణం. కుక్క హుషారుగానే కనిపిస్తుంది, తింటుంది, కానీ ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి. చిగుళ్లు పాలిపోయినా, పొట్ట చర్మం మీద ఎర్రటి చుక్కలు కనిపించినా ఆలస్యం చేయకూడదు. ఈ జ్వరానికి కారణమయ్యే ఎర్లీకియా అనే సూక్ష్మక్రిమి ఉన్నదని తేలితే డాక్సీసైక్లిన్‌ను సుమారు నాలుగు వారాలు వాడవలసి ఉంటుంది. వారంలోనే తేరుకున్నదని మధ్యలో మందు ఆపేసి మళ్లీ నీరసించిన కుక్కతో వచ్చేవారిని తరచుగా చూస్తుంటాను.

ఆడకుక్క అయితే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిందో లేదో తప్పక అడగండి. కాకపోతే ఎదకు వచ్చిన కొన్ని వారాలకు గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం ఉంటుంది, అది ప్రాణాంతకం. పలుమార్లు ఈనిన వాటికి పొదుగు వెంబడి చేతితో తడిమి గడ్డలున్నాయేమో చూడాలి. ఇక చిన్న కుక్కలకు ప్రత్యేకమైనవి పళ్లు, మోకాలి చిప్పలు, శ్వాసనాళం. పెదవి పైకెత్తి చూస్తే వెనుక పళ్ల మీద గోధుమరంగు గార పేరుకుని ఉండడం మామూలే, దాన్ని మత్తు ఇచ్చి శుభ్రం చేయవచ్చు. నడుస్తూ నడుస్తూ వెనుక కాలు ఒకటి రెండడుగులు పైకెత్తి గెంతి మళ్లీ మామూలుగా నడిస్తే చిప్ప జారుతున్నదేమో చూపించాలి. మెడపట్టీ లాగినప్పుడు బాతు అరిచినట్టు పొడిదగ్గు వస్తే శ్వాసనాళం బలహీనంగా ఉండవచ్చు కాబట్టి ఛాతీకి తొడిగే హార్నెస్ వాడండి. పగ్‌ను మాత్రం మన ఎండల్లో నేను సిఫారసు చేయను. మే నెలలో ఏసీ లేని ఇంట్లో దాని ఊపిరి వినడమే కష్టంగా ఉంటుంది.

టీకాల పుస్తకం లేకపోతే అసలేమీ వేయనట్టే లెక్క. రేబిస్ టీకా వేయించి ఏటా కొనసాగించాలి. డిస్టెంపర్, పార్వో వంటి వైరస్ జబ్బులకు మూడు నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు వేస్తాము. ఆహారం ఒక్కసారిగా మార్చకండి, ఫోస్టర్ ఇంట్లో పెట్టినదే కొన్నాళ్లు పెట్టి మెల్లగా మీ పద్ధతికి తెచ్చుకోండి. పెరుగన్నం పెట్టడంలో తప్పులేదు గానీ అదొక్కటే చాలదు, మాంసకృత్తులు కావాలి. ఉల్లిపాయ, వెల్లుల్లి వేసిన కూరలూ, ఉడికిన కోడి ఎముకలూ, చాక్లెట్లూ వద్దు. ద్రాక్ష మాత్రమే కాదు, పాయసంలోని కిస్‌మిస్ కూడా మూత్రపిండాలను దెబ్బతీయగలదు. మనవడు ప్రేమగా తినిపించకుండా చూసుకోండి.

సమాధానం (అపార్ట్‌మెంట్ సంఘంలో పనిచేసిన సభ్యుడు, విశాఖపట్నం)

భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మెజారిటీ ఓటుతోనైనా సరే సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించలేవు, లిఫ్టు వాడకూడదని కట్టడి చేయలేవు. ఆ ప్రతిని జతచేసి, మీ కుక్కకు టీకాలు వేయించి కార్పొరేషన్‌లో నమోదు చేయిస్తామనీ, గొలుసు లేకుండా వదలమనీ, మలం మేమే ఎత్తివేస్తామనీ రాతపూర్వకంగా ఇవ్వండి. మా అనుభవంలో చట్టం చూపించిన వారికంటే ఈ రెండో కాగితం ఇచ్చిన వారికే ఇబ్బందులు తక్కువగా వచ్చాయి.

సమాధానం (ఇండీ, అంటే మన నాటు కుక్కల పెంపకందారు, వరంగల్)

పేరున్న జాతే కావాలని మాస్టారు ఎక్కడా అనలేదు కదా. పది పన్నెండు కిలోల ఆడ ఇండీలు చక్కగా ఫ్లాట్‌లో ఒదిగిపోతాయి. పొట్టి బొచ్చు కాబట్టి రోజూ దువ్వెన పట్టనక్కర్లేదు, ఎండకూ తట్టుకుంటాయి. స్పిట్జ్ మెట్ల మీద చెప్పుల చప్పుడైనా అరిచి అంతస్తంతా లేపుతుంది. సంఘంతో పేచీ ఉన్నచోట దాన్ని తేవడం మంచిదేనా అని ఆలోచించండి.

సమాధానం (మల్కాజిగిరి సభ్యురాలు)

అరుపు గురించి వరంగల్ వారు చెప్పింది నిజమే, కానీ ఇండీ పిల్లిని చూసి ఒక్క ఊపున లాగితే మోకాలి ఆపరేషన్ అయినవారు నిలదొక్కుకోవడం కష్టం. జాతిని బట్టి కాక, ఎదురుగా ఉన్న కుక్కను నడిపించి చూసి నిర్ణయించుకోవడమే మేలు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఒక ఫోస్టర్ ఇంట్లో ఆరేళ్ల స్పిట్జ్ సంకరం ఉన్నదని తెలిసింది, ఏడు కిలోల బరువట, ఆపరేషన్ కూడా అయిందట. ఈ ఆదివారం వెళ్తున్నాము. తెచ్చుకున్నాక కుదురుకోవడానికి ఎంతకాలం పడుతుంది?

సమాధానం (మల్కాజిగిరి సభ్యురాలు)

మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెబుతుంటారు. బెరుకు తగ్గడానికి, ఇంటి వేళలు అలవాటవడానికి, మీ మనిషిగా మారడానికి అన్నమాట. అది గీత గీసినట్టు జరగదు. మొదటి వారం చుట్టాలను పిలవకండి, స్నానం చేయించకండి, మంచం కింద దూరితే లాగకండి. ఆ రోజుల్లోనే ఎక్కువ కుక్కలు తలుపు సందుల్లోంచి పారిపోతాయి కాబట్టి మీ ఫోన్ నంబరు చెక్కిన బిళ్లను ఆదివారమే వెంట తీసుకెళ్లి, ఆటో ఎక్కకముందే మెడకు కట్టండి. నచ్చితే రెండు వారాలు మీ దగ్గర ఉంచుకుని ఆ తర్వాతే దత్తత పత్రం మీద సంతకం చేసే వీలుందేమో వారిని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు.