ట్రాన్స్‌జెండర్ రోగులకు వేరే క్లినిక్కా, అందరి వార్డేనా?

వార్డు_సిస్టర్:
హైదరాబాద్ నారాయణగూడలో 2021లో ప్రారంభమైన మిత్ర్ క్లినిక్‌ను ట్రాన్స్‌జెండర్లే నడిపేవారు. అమెరికా నిధులు ఆగిపోవడంతో అది 2025 ఆరంభంలో మూతపడింది. అలాంటి క్లినిక్‌లను ప్రభుత్వమే జిల్లాకొకటి చొప్పున నడపాలి. పదహారేళ్లుగా సర్కారు ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. మా రద్దీలో వారికి దక్కని మర్యాద అక్కడ దక్కుతుంది.

మంజీర:
హార్మోన్ల చికిత్సకైతే వేరే క్లినిక్ మేలే. కానీ సిస్టర్, రెండేళ్ల క్రితం నేను స్కూటీ మీద నుంచి పడి, చేయి విరిగి ఒక పెద్దాసుపత్రికి వెళితే, ఓపీ చీటీలో పురుషుడని రాసి మగవారి వార్డుకు పంపారు, అక్కడివారు ఆడవారి వార్డుకు పొమ్మన్నారు, చివరికి కట్టు కట్టకముందే హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకు రమ్మన్నారు. విరిగిన చేతికి కూడా నేను వేరే క్లినిక్ వెతుక్కోవాలా?

వార్డు_సిస్టర్:
ఆధార్‌లో ఏముంటే చీటీలో అదే రాస్తారు.

మంజీర:
ఎవరి లింగ గుర్తింపును వారే నిర్ణయించుకోవచ్చని సుప్రీంకోర్టు 2014లోనే నల్సా తీర్పులో చెప్పింది. ఆసుపత్రుల్లో మాకు తగిన వైద్యం అందించాలని ప్రభుత్వాలను ఆదేశించింది కూడా.

వార్డు_సిస్టర్:
తీర్పు సరే. కంప్యూటర్‌లో మాత్రం ఆధార్ ప్రకారమే నమోదవుతుంది.

ఎంబీబీఎస్_చివరి_ఏడు:
మాకు నేర్పేదీ అంతంతమాత్రమే. 2024 ఆగస్టు చివర్లో జాతీయ వైద్య కమిషన్ ఫోరెన్సిక్ పాఠ్యాంశాల్లో స్త్రీల స్వలింగ సంబంధాన్ని మళ్లీ అసహజ నేరాల కింద చేర్చింది. విమర్శలు రావడంతో సెప్టెంబరు 5న వెనక్కి తీసుకుంది.

మంజీర:
సిస్టర్, ఆధార్ గురించి రెండుసార్లు రాశారు. నొప్పితో నాలుగు గంటలు వరండాలో నిలబడ్డ మనిషి గురించి ఒక్క మాటా రాయలేదు. మీకు కావలసింది మా గౌరవం కాదు, మేము మీ కంటికి కనబడకపోవడం.

వార్డు_సిస్టర్:
ఆ మాట అన్యాయం. రాత్రి డ్యూటీలో అరవై మందికి ఇద్దరమే ఉంటాం. ఒకసారి ట్రాన్స్ మహిళకు ఆడవారి వార్డులో మంచం ఇచ్చినందుకు పక్క మంచం బంధువులు కేకలు వేసి ఫిర్యాదు చేస్తే, మెమో అందుకున్నది నేను. ఆమెను చేర్చుకోమన్న డాక్టరు గారు ఆ రోజు నోరు విప్పలేదు. వేరే క్లినిక్ అడుగుతున్నది అందుకే.

మంజీర:
ఈ సంగతి మొదటే చెప్పవలసింది. మెమో ఇచ్చినవారిని ప్రశ్నించడం మానేసి నన్ను పక్కకు పంపమంటున్నారు.

వార్డు_సిస్టర్:
మంచం మళ్లీ ఇస్తాను. ఫిర్యాదు వస్తే ఆసుపత్రి నా పక్షాన నిలుస్తుందని ముందుగా రాతపూర్వకమైన ఉత్తర్వు రావాలి. అది వచ్చే వరకు నా అభిప్రాయం మారదు.