25 వేల బడ్జెట్‌లో అల్ట్రావైడ్ గేమింగ్ మానిటర్: వీఏ ప్యానెలా, ఐపీఎస్ ప్యానెలా?

రాయగడ షిఫ్ట్

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ. ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. అందుకే నేను గేమ్ ఆడేది ఒక వారం అర్ధరాత్రి అయితే ఇంకో వారం మిట్టమధ్యాహ్నం. గది డాబా మీద ఉంది, పడమటి వైపు పెద్ద కిటికీ. ఇప్పుడున్నది 24 అంగుళాల 1080పీ మానిటర్, గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీ.

ఏడాదిగా డబ్బు దాచుకుని 25 వేలు పోగు చేశాను. లాగితే 28 దాకా వెళ్లగలను. కావాల్సింది అల్ట్రావైడ్, అంటే మామూలు 16:9 కంటే వెడల్పైన 21:9 తెర. ఆ ధరలో నాకు కనిపిస్తున్నవి రెండు రకాలు, తేడా తెర లోపలి ఎల్‌సీడీ ప్యానెల్ రకంలో. ఒకటి 34 అంగుళాల వంపు తెర, 3440×1440, వీఏ ప్యానెల్, 144 హెర్ట్జ్ పైన (సెకనుకి తెర అన్నిసార్లు మారుతుంది). రెండోది ఐపీఎస్ ప్యానెల్, రంగులు బాగుంటాయంటున్నారు గానీ రిజల్యూషన్ 2560×1080 మాత్రమే, 29 అంగుళాల్లోనూ 34 అంగుళాల్లోనూ ఉంది. ఐపీఎస్‌లో 3440×1440 కావాలంటే నా బడ్జెట్ దాటిపోతోంది.

వీడియోలు చూస్తే ఒకరు వీఏ అంటే నల్లటి మరకలు పాకుతాయంటారు, ఇంకొకరు ఐపీఎస్ నలుపు బూడిద రంగులో ఉంటుందంటారు. ఇక్కడ షాపులో ఆన్ చేసి చూపించే అల్ట్రావైడ్ ఒక్కటీ లేదు. వాడుతున్నవాళ్లు చెప్పండి. నేను ఎక్కువగా ఆడేవి ఎల్డెన్ రింగ్, కార్ రేసింగ్ గేములు, ఆదివారం తమ్ముళ్లతో వాలరెంట్.

పర్లాకిమిడి 34

గురూ, రెండేళ్లుగా నా దగ్గర ఉన్నది నువ్వు చెప్పిన మొదటి రకమే. 34 అంగుళాలు, వీఏ, 1500ఆర్ వంపు. మళ్లీ కొనాల్సి వస్తే అదే కొంటాను.

కారణం నలుపు. మామూలు ఐపీఎస్ ప్యానెల్ కాంట్రాస్ట్, అంటే తెలుపుకీ నలుపుకీ వెలుగు తేడా, 1000:1 దగ్గర ఉంటుంది, వీఏ 3000:1 దగ్గర. కాగితం మీద ఇది అంకె మాత్రమే. రాత్రి లైటు ఆర్పేసి గుహలోకి దిగే సీన్ ఆడితే అప్పుడు తెలుస్తుంది. ఐపీఎస్‌లో చీకటి పొగలా ఉంటుంది, వీఏలో చీకటి చీకటిలాగే ఉంటుంది. ఇంకో సంగతి, మన తెలుగు సినిమాలు చాలావరకు స్కోప్‌లో తీసినవే. 21:9 తెర మీద పైనా కిందా ఉండే నల్ల పట్టీలు దాదాపు పోతాయి. మా అమ్మ కూడా ఇప్పుడు టీవీ వదిలేసి నా గదిలోకి వచ్చి సినిమా చూస్తోంది.

మరకల సంగతి నిజమే, దాచను. నలుపు నుంచి ముదురు బూడిదకి మారేటప్పుడు వీఏ నెమ్మది. చీకటి గోడ పక్క నుంచి కెమెరా వేగంగా తిప్పితే తోకలాగా ఒక నీడ వస్తుంది. ఓవర్‌డ్రైవ్ (చుక్కలు రంగు మార్చే వేగాన్ని పెంచే మానిటర్ సెట్టింగ్) మధ్యస్థంగా పెడితే తగ్గుతుంది. ఆఖరి మెట్టుకి పెడితే వస్తువుల వెనక తెల్లటి అంచు మొదలవుతుంది, అది ఇంకా చికాకు.

బరంపురం ఎడిటింగ్

తమ్ముడూ, పై మాటలో సగం ఒప్పుకుంటాను, సగం ఒప్పుకోను. నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. ఇంట్లో ఐపీఎస్, స్టూడియోలో వీఏ, రెండూ రోజూ చూస్తాను.

వీఏ తెరకి ఎదురుగా నడిమధ్యన కూర్చుంటేనే రంగు సరిగ్గా కనిపిస్తుంది. 34 అంగుళాల తెర వెడల్పు 80 సెంటీమీటర్లు ఉంటుంది. అంటే కుడిఎడమ అంచుల్ని నీ కన్ను పక్క కోణం నుంచే చూస్తుంది. వంపు ఇచ్చింది కొంత అందుకే, కానీ పూర్తిగా పోదు. అంచుల్లో ముదురు రంగుల లోపలి వివరం మారిపోతుంది. పక్కన ఇంకొకరు కూర్చుని చూస్తే ఇంకా తేడా. ఐపీఎస్‌లో ఆ బాధ లేదు.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నా. 34 అంగుళాల్లో 2560×1080 కొనకు, ఏ ప్యానెలైనా సరే. అంగుళానికి సుమారు 82 చుక్కలే వస్తాయి. నీ 24 అంగుళాల మానిటర్‌లో 92 ఉన్నాయి. డబ్బు పెట్టి వెనక్కి వెళ్లినట్టు. అదే రిజల్యూషన్ 29 అంగుళాల్లో అయితే 96, బాగుంటుంది. ఐపీఎస్ అంటే నా ఓటు ఆ 29కే.

గుణుపురం కుర్రాడు

అన్నా, ఎవరూ అడగని ప్రశ్న నేను అడుగుతాను. అసలు అల్ట్రావైడ్ ఎందుకు?

నువ్వు చెప్పిన మూడు రకాల గేముల్లో రెండిటికి అది అక్కరకు రాదు. ఎల్డెన్ రింగ్ 16:9లోనే నడుస్తుంది, పక్కల నల్ల పట్టీలు వస్తాయి. వాలరెంట్ పోటీ గేమ్ కాబట్టి వెడల్పు తెర ఉన్నవాడికి ఎక్కువ దృశ్యం చూపించదు. రేపు పీఎస్5 కొన్నా అది 21:9 ఇవ్వదు. మిగిలింది కార్ రేసింగ్. దానికోసం 25 వేలా?

27 అంగుళాల 2560×1440 ఐపీఎస్, 165 లేదా 180 హెర్ట్జ్, నేను వెతికినప్పుడు 15 నుంచి 18 వేలలో దొరికింది. మిగిలిన డబ్బు కార్డుకి దాచుకో. 34 అంగుళాల అల్ట్రావైడ్ ఎత్తు, 27 అంగుళాల మామూలు మానిటర్ ఎత్తు దాదాపు ఒకటే. చుక్కల సాంద్రత కూడా ఒకటే, 109 చుట్టుపక్కల. పక్కలకి మాత్రమే పెరుగుతుంది. కానీ కార్డు మీద భారం 34 శాతం పెరుగుతుంది. 27లో 36.9 లక్షల పిక్సెళ్లు, 34లో 49.5 లక్షలు.

కొనకముందే పరీక్షించుకోవచ్చు. ఎన్‌విడియా సెట్టింగుల్లో డీఎస్ఆర్ అని ఉంటుంది. అందులో 2.25 పెడితే నీ పాత 1080పీ మానిటర్ మీదే గేమ్ 2880×1620లో నడుస్తుంది. అంటే 46.7 లక్షల పిక్సెళ్లు, అల్ట్రావైడ్‌కి కాస్త తక్కువ. అందులో నీ 3060 ఎన్ని ఫ్రేములు ఇస్తుందో చూడు. ఆ తర్వాత నిర్ణయించుకో.

సునాబెడ చలి

అందరూ ఒక సంగతి వదిలేశారు. మాది కొండ మీద ఊరు, డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున్న గది ఐసుపెట్టెలా ఉంటుంది. లోపలి లిక్విడ్ క్రిస్టల్ చల్లబడితే ఇంకా నెమ్మదిగా కదులుతుంది. నా వీఏ మానిటర్‌లో చలికాలం పొద్దున్న మొదటి అరగంట మరకలు బాగా కనిపిస్తాయి. తెర వేడెక్కాక తగ్గుతాయి. మే నెలలో అదే మానిటర్, అదే గేమ్, ఏ తేడా కనబడదు. మొదటిసారి ప్యానెల్ పాడైందని తెగ టెన్షన్ పడ్డాను. రాయగడ కింద ఉంది కాబట్టి నీకు ఇంత ఉండదు. కానీ మా వైపువాళ్లు చదువుతుంటే తెలుసుకోండి.

పర్లాకిమిడి 34

గుణుపురం తమ్ముడు చెప్పిన లెక్కలు సరైనవే, ముగింపుతోనే నాకు పేచీ. పక్కలకి మాత్రమే పెరుగుతుంది అంటున్నాడు. ఆ పక్కలకి పెరగడమే కదా అసలు సుఖం! కారు మలుపు తిరిగేటప్పుడు పక్క అద్దం దగ్గర ఏముందో కంటి చివర కనిపిస్తుంది. ఒకసారి అలవాటైతే 16:9 తెర కిటికీలోంచి చూసినట్టు ఉంటుంది. ఒంటరిగా ఆడే పెద్ద గేముల్లో చాలా వాటికి ఇప్పుడు 21:9 ఉంది, ఎల్డెన్ రింగ్ ఒక్కటే లోకం కాదు.

కార్డు భారానికి డీఎల్ఎస్ఎస్ ఉంది. క్వాలిటీ మోడ్‌లో పెడితే గేమ్ లోపల తక్కువ రిజల్యూషన్‌లో గీసి పైకి పెంచుతుంది. నా కార్డు కూడా 3060యే. అన్నీ అల్ట్రాలో పెట్టి 144 ఫ్రేములు కావాలంటే రావు, అది ముందే ఒప్పుకోవాలి. సెట్టింగులు మీడియం, హై మధ్యలో ఉంచితే చాలా గేములు 60 పైన హాయిగా నడుస్తున్నాయి.

బరంపురం ఎడిటింగ్

60 పైన అన్నావు కాబట్టి చెబుతున్నా. ఫ్రేములు 50కీ 80కీ మధ్య ఊగుతుంటే ఫ్రీసింక్ (గేమ్ ఫ్రేముల వేగానికి తగ్గట్టు తెర వేగాన్ని మార్చే సెట్టింగ్) ఆన్‌లో చాలా వీఏ తెరలు మినుకుమినుకుమంటాయి. లోడింగ్ స్క్రీన్లలో, చీకటి మెనూల్లో బాగా తెలుస్తుంది. రిఫ్రెష్ రేటు మారినప్పుడల్లా వెలుగు కొద్దిగా మారుతుంది, కన్ను దాన్ని పట్టేస్తుంది. ఐపీఎస్‌లో ఇది చాలా తక్కువ. నాకు ఇది వస్తే తలనొప్పి. ఫ్రేములకి ఒక పరిమితి పెట్టి నిలకడగా ఉంచితే తగ్గుతుంది, ఆ చిట్కా వాడు.

అలాగని ఐపీఎస్ దేవుడని అనను. రాత్రి చీకట్లో మూలల నుంచి పొగలాంటి వెలుగు వస్తుంది, దాన్ని గ్లో అంటారు. తల కదిపితే అదీ కదులుతుంది. చీకటి గదిలో చీకటి గేములే ఆడేవాడివైతే పర్లాకిమిడి మాటే నిజం. పగలు కిటికీ తెరిచి ఆడేవాడికి ఆ 3000:1లో సగం ఎండే మింగేస్తుంది. నీకు వారానికోసారి రెండూ మారుతున్నాయి. అదే నీ చిక్కు.

సిరొంచ

మాది గోదావరి పక్క సిరొంచ, మహారాష్ట్ర వైపు. మీ గొడవ మొదటి నుంచీ చదివాను. చుక్కలు వాటంతట అవే వెలిగే ఓఎల్ఈడీ తెర కోసం ఆగితే వీఏ మరకలు, ఐపీఎస్ గ్లో రెండూ ఉండవు కదా?

బరంపురం ఎడిటింగ్

ఉండవు, కానీ 25 వేలలో ఆ మాట వద్దు. 34 అంగుళాల ఓఎల్ఈడీ 2022లో వచ్చింది, ఇప్పటికీ దాని ధర ఎక్కడో ఉంది. పైగా ఒకే చోట కదలకుండా ఉండే మ్యాప్, హెల్త్ బార్ లాంటివి ఏళ్ల తరబడి చూపిస్తే వాటి ముద్ర పడిపోయే భయం ఉంది.

జయపురం

ప్యానెల్ సంగతి మీరు చూసుకోండి, నేను కొనే సంగతి చెబుతాను. ఇందులో దెబ్బ తిన్నవాడిని.

నిరుడు ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర 34 అంగుళాలది తెప్పించాను. పెట్టె బయటకి బాగానే ఉంది. ఆన్ చేస్తే ఎడమ పక్క నిలువునా గీత. విప్పేటప్పుడు వీడియో తీయలేదు కాబట్టి నీ చేతిలోనే పగిలిందన్నారు. నలభై రోజులు ఫోన్లు చేశాను, ఆఖరికి సగం డబ్బే వచ్చింది. ఆ నలభై రోజులూ అన్నం సయించలేదు. కాబట్టి పెట్టె టేపు కోయకముందే ఫోన్ కెమెరా ఆన్ చేయండి, తెర వెలిగేదాకా ఆపకండి.

రెండోది పన్ను. 32 అంగుళాలు దాటిన మానిటర్లకి ఇంతకుముందు జీఎస్టీ 28 శాతం, చిన్నవాటికి 18. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్దవాటికీ 18 చేశారు. పన్ను లేకుండా 20 వేల వస్తువు అప్పుడు 25,600 అయ్యేది, ఇప్పుడు 23,600. షాపువాడు పాత రేటు చెబితే బిల్లులో శాతం చూడండి.

మూడోది కేబుల్. హెచ్‌డీఎంఐ 2.0తో 3440×1440 రిజల్యూషన్‌లో చాలా మానిటర్లు 100 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతాయి. డిస్‌ప్లేపోర్ట్ 1.4 పెట్టండి, 144 వస్తుంది. పెట్టెలో ఆ కేబుల్ ఉందో లేదో ముందే అడగండి.

ఇంకోటి. బాక్సు మీద 1 ఎంఎస్ (ఒక మిల్లీసెకను స్పందన వేగం) అని ఉంటే మురిసిపోకండి. పక్కన ఎంపీఆర్‌టీ అని చిన్న అక్షరాలు ఉంటే అది బ్యాక్‌లైట్‌ని ఆర్పి వెలిగించి సాధించిన అంకె. ప్యానెల్ అసలు వేగం కాదు.

రాయగడ షిఫ్ట్

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. గుణుపురం తమ్ముడు చెప్పిన డీఎస్ఆర్ పరీక్ష చేశాను. రేసింగ్ గేమ్ హై సెట్టింగ్‌లో 60కి తగ్గలేదు. ఇంకో గేమ్ 45కి పడింది, డీఎల్ఎస్ఎస్ పెట్టాక 60 దాటింది.

పోయిన వీక్లీ ఆఫ్‌కి బస్సెక్కి పర్లాకిమిడి వెళ్లాను. 34 అన్న ఇంట్లో అమ్మగారు భోజనం పెట్టి మరీ పంపించారు. నా సేవ్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి అక్కడే ఆడాను. ముందు కిటికీలు తీసి, తర్వాత అన్నీ మూసి, లైటు ఆర్పి.

మరకలు కనిపించాయి. మొదటి పది నిమిషాలు వాటినే చూశాను. బరంపురం అక్క చెప్పిన మినుకుమినుకు కూడా ఒక లోడింగ్ స్క్రీన్‌లో కనిపించింది. ఫ్రేముల పరిమితి 60 పెడితే పోయింది. కానీ లైటు ఆర్పి కొండదారిలో కారు నడిపినప్పుడు, రెండు పక్కలా చెట్లు కంటి చివర దాకా వెనక్కి పోతుంటే, ఆ ముప్పావు గంటలో ఒక్క మరక కూడా నాకు గుర్తు రాలేదు. పగటి వెలుగులో 29 అంగుళాల ఐపీఎస్ ఇంతకంటే శుభ్రంగా ఉంటుందేమో. నాకు మాత్రం ఆ వెడల్పు, ఆ నలుపు కావాలి. ఎల్డెన్ రింగ్ పక్కల నల్ల పట్టీలు కూడా చూశాను. వీఏ మీద అవి చీకట్లో కలిసిపోయాయి, అడ్డం అనిపించలేదు.

వీఏయే ఆర్డర్ పెట్టాను. మా పిన్‌కోడ్‌కి అంత పెద్ద పెట్టె పంపరట, పార్వతీపురంలో మా బావ అడ్రస్ ఇచ్చాను. వీడియో తీయడం ఎలాగో బావకి రెండుసార్లు చెప్పాను. పడమటి కిటికీకి మందం కర్టెన్ కుట్టించడానికి గుడ్డ కూడా కొన్నాను. వచ్చాక అక్క చెప్పినట్టు ఫ్రేములు కట్టేసి వారం ఆడతాను. తలనొప్పి వస్తే రిటర్న్ గడువులోపే పంపించేసి 29కి వెళ్తాను, ఇక్కడే రాస్తాను.

బరంపురం ఎడిటింగ్

మొదటిరోజే పూర్తి నలుపు, పూర్తి తెలుపు, ఎరుపు, పచ్చ, నీలం తెరలు పెట్టి చచ్చిన చుక్కలున్నాయేమో చూడు తమ్ముడూ. అది వారం ఆగే పని కాదు.