"సకలజనుల మర్యాదచొప్పున": ఇక్కడ మర్యాద అంటే ఏమిటి?

అందరికీ నమస్కారమండి. మా చర్చిలో సండే స్కూల్ పిల్లలకు పాత నిబంధన కాలపు రాజుల గురించి చెబుతున్నాను. మొదటి సమూయేలు 8:5లో ఇశ్రాయేలు పెద్దలు రామాకు వచ్చి, "సకలజనుల మర్యాదచొప్పున మాకు ఒక రాజును నియమింపుము" అని అప్పటి ప్రవక్త, న్యాయాధిపతి అయిన సమూయేలును అడుగుతారు. ఇది చదవగానే ఒక బాబు "మర్యాదగానే అడిగారు కదా, మరి సమూయేలు ఎందుకు నొచ్చుకున్నాడు?" అన్నాడు. వీడికి ఎలా విడమరచి చెప్పాలి?

జవాబు: బాబు చదివింది ఇవాళ్టి తెలుగు, వచనంలో ఉన్నది పాత తెలుగు. మర్యాదకు మొదటి అర్థం హద్దు. దాన్నుంచి కట్టుబాటు, ఆచారం అనే అర్థాలు వచ్చాయి. గౌరవం తర్వాతి సంగతి. దేశమర్యాద, కులమర్యాద అన్నప్పుడు ఉన్నది ఆ పాత అర్థమే. పెళ్లిలో "మాకు మర్యాదలు జరగలేదు" అని మగపెళ్లివారు అలిగారంటే అందులో ఆచారమూ ఉంది, గౌరవమూ ఉంది. ఇక చొప్పు అంటే జాడ, తీరు. ఇప్పుడు "మనిషికి వంద చొప్పున" అనే లెక్కలోనే అది మిగిలింది. కాబట్టి పెద్దలు అడిగింది "అన్ని జనాలకూ ఉన్న ఆనవాయితీ ప్రకారం మాకూ ఒక రాజు కావాలి" అని. హీబ్రూలో "సకల జనులవలె" అని మాత్రమే ఉంటుంది. మర్యాద మన అనువాదకులు చేర్చిన మాట. నా లెక్కలో బాగా కుదిరింది.

ఇంకొకరు: మా ఊళ్లో చొప్ప అంటే బర్రెలకు వేసే జొన్న చొప్పే. పిల్లలు అలా అనుకోనందుకు సంతోషించండి!

అడిగినవారు: అయితే "పక్కింటివాళ్లకు ఉందని మాకూ కావాలన్నారు, అది తప్పు" అని చెప్పి ముగించవచ్చా?

జవాబు: అంత తేలిగ్గా ముగించకండి. వాళ్ల ఫిర్యాదులో న్యాయముంది. సమూయేలు కొడుకులు యోవేలు, అబీయా బెయేర్షెబాలో న్యాయాధిపతులుగా ఉండి లంచాలు తిన్నారు. అది 3వ వచనంలోనే ఉంది, పిల్లల దగ్గర దాచక్కర్లేదు. పైగా ద్వితీయోపదేశకాండము 17లో రాజును పెట్టుకోవడానికి అనుమతి కూడా ఉంది. కాకపోతే షరతులున్నాయి. రాజు గుర్రాలను, భార్యలను, వెండి బంగారాలను విస్తారంగా పోగేసుకోకూడదు. ధర్మశాస్త్రానికి ఒక ప్రతి రాసుకుని బతికినన్నాళ్లూ చదువుకోవాలి. ఐగుప్తులో ఫరోనే దేవుడిగా కొలిచేవారు. ఇక్కడ రాజు కూడా పుస్తకం ముందు కూర్చుని చదువుకోవలసిన విద్యార్థి. పిల్లలకు ఈ తేడా ఇట్టే పడుతుంది. తర్వాత సొలొమోను మూడు షరతులూ మీరాడు. మొదటి రాజులు 11:3 ప్రకారం భార్యలే 700 మంది.

అసలు తమాషా 11వ వచనం నుంచి మొదలవుతుంది. పెద్దలు "న్యాయము తీర్చును" అని ఆశపడి రాజును అడిగారు కదా, ఆ "తీర్చు"కు హీబ్రూ ధాతువు షాఫత్. సమూయేలు జవాబుగా వినిపించేది రాజుగారి "మిష్పాత్". ధాతువు అదే. మీరు న్యాయం అడిగారు, రాజుగారి న్యాయం ఎలా ఉంటుందో వినండి అన్నట్టు! అక్కడినుంచి "తీసుకుంటాడు" అనే ఒకే క్రియ నాలుగుసార్లు వస్తుంది: కొడుకులను, కూతుళ్లను, పొలాలను, పనివాళ్లను. తెలుగులో అన్నిచోట్లా అదే క్రియ వేయకపోవడంతో ఆ దెబ్బ కాస్త తగ్గింది. క్లాసులో మీరు నాలుగుసార్లూ "తీసుకుంటాడు" అనే చదవండి. మూడోసారికి పిల్లలే అందుకుంటారు.

ఆ వెంటనే నాబోతు ద్రాక్షతోట కథ చెప్పండి, మొదటి రాజులు 21. తోట మీద కన్నేసిన అహాబు రాజు డబ్బిస్తానన్నా, అంతకంటే మంచి తోట ఇస్తానన్నా నాబోతు పిత్రార్జితం ఇవ్వనన్నాడు. రాజు మూతి ముడుచుకుని, అన్నం మానేసి, మొహం తిప్పుకుని పడుకున్నాడు! పిల్లలు ఇక్కడ నవ్వుతారు. తర్వాత అతని భార్య యెజెబెలు అబద్ధపు సాక్షులను పెట్టించి నాబోతును చంపించిందని చెబితే నవ్వు ఆగిపోతుంది. అప్పుడు ఏలీయా ప్రవక్త వచ్చి రాజును మొహం మీదే నిలదీస్తాడు. రాజును అడిగేవాడు ఒకడున్నాడు అన్నది ఈ కథలో పిల్లలకు తప్పకుండా అందాలి.

అడిగినవారు: చాలా థాంక్సండి. ఇంకొక్కటి. 15వ వచనంలో ధాన్యంలోనూ ద్రాక్షపండ్లలోనూ రాజు "పదియవ భాగము" తీసుకుంటాడని ఉంది. అదే బాబు "మనం చర్చిలో ఇచ్చేదీ పదో వంతేగా?" అన్నాడు. నేను మాట దాటేశాను.

జవాబు: దాటేయకండి, వాడు అసలు సంగతి పట్టుకున్నాడు. లేవీయకాండము 27:30 ప్రకారం పంటలో పదో వంతు దేవునిది. సమూయేలు జాబితాలో రాజు అదే వంతును తనకోసం అడుగుతున్నాడు, తన పరిజనానికి, సేవకులకు పంచిపెట్టడానికి. "వాళ్లు నన్నే వద్దన్నారు" అని 7వ వచనంలో దేవుడు సమూయేలుతో ఎందుకన్నాడో ఇక్కడ చూపించవచ్చు. వచ్చేవారం ఆ ప్రశ్నను బాబు చేతనే మళ్లీ అడిగించండి.