పోయిన చోటే వెతుక్కునేవాడికి క్రమశిక్షణ చాలుతుందా?

రేణిగుంట రోడ్డు:
ఐపీఎల్ వచ్చిందంటే తిరుపతి హాస్టళ్లలో, కార్ల స్టాండుల్లో ఒకటే మాట: పోయిన చోటే వెతుక్కోవాలి. ఐదొందలు పోతే వెయ్యి, వెయ్యి పోతే రెండు వేలు. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ పందేలు 2020 నుంచే నిషేధం. 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. అయినా ఆడేవాళ్లు ఆడుతూనే ఉన్నారు. నేనడిగేది వాళ్ల గురించి. ఒక్కసారిగా మానెయ్యమంటే ఎవరూ వినరు, హద్దు గీసుకోవడం నేర్పాలి అన్నది నా వాదన. నెలకింత అని విడిగా తీసిపెట్టాలి. ఒక్కో పందేనికి అందులో నూటికి రెండు రూపాయలు మించకూడదు. మూడు ఓడితే ఆ రోజుకు ఫోన్ పక్కన పడెయ్యాలి. తాగినప్పుడు ముట్టుకోకూడదు. ఇవి పాటిస్తే నష్టం వెంట పరుగు ఉండదు. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

అయ్యవారు, చిత్తూరు:
తమ్ముడూ, ముందు లెక్క చూడు. రెండు జట్లూ సమానం అనుకున్న మ్యాచ్‌కి యాప్‌లో రెండు వైపులా 1.90 రేటు పెట్టారనుకో. వంద కట్టి గెలిస్తే 90 లాభం, ఓడితే 100 నష్టం. సగానికి సగం గెలిచినా, కట్టిన ప్రతి వందలో సగటున 5 రూపాయలు యాప్‌వాడికే పోతాయి.

ఇప్పుడు రెట్టింపు చేసుకుంటూ పో. 500, 1000, 2000, 4000 వరసగా పోయాయి. మొత్తం 7500. ఐదోసారి 8000 కట్టి గెలిచావు. లాభం 7200. గెలిచాక కూడా 300 నష్టంలోనే ఉన్నావు! రెట్టింపు చేస్తే ఎప్పటికైనా తిరిగొస్తుందనే మాట రేటు కనీసం 2.00 ఉన్నచోట, అదీ అంతులేని డబ్బున్నవాడికే వర్తిస్తుంది.

వరసగా ఓడినంత మాత్రాన తర్వాతి గెలుపు దగ్గరికి రాదు. 1913లో మాంటే కార్లో కాసినోలో ఎర్ర, నల్ల గళ్లున్న రూలెట్ చక్రంలో బంతి వరసగా 26 సార్లు నల్లగడిలోనే పడింది. ఇక ఎర్రదే వస్తుందని ప్రతిసారీ పెంచి కట్టినవాళ్లు నిండా మునిగారు. నష్టం వెంటపడితే మారేది కట్టిన మొత్తం ఒక్కటే. 500 చొప్పున మూడు పందేలంటే 1500 మీద సగటు నష్టం 75. పై వరస ప్రకారం ఐదో పందెం దాకా పోతే 15,500 మీద 775.

పలమనేరు:
అయ్యవారూ, మీ లెక్క సగానికి సగం గెలిచేవాడిది. పిచ్, రాత్రి మంచు, బౌలర్ల ఓవర్లు లెక్కేసి నూటికి 55 సరిగ్గా చెప్పేవాడి సంగతేంది? పందేనికి ఎంత కట్టాలో చెప్పే సూత్రం ఒకటి 1956లో కెల్లీ అనే పరిశోధకుడు ఇచ్చాడు. దాని ప్రకారం 1.90 రేటుకి, 55 శాతం అవకాశం ఉంటే చేతిలో ఉన్న డబ్బులో 5 శాతం కట్టొచ్చు. భద్రంగా ఉండాలంటే అందులో సగం. వెంటపడేవాడు చెడగొట్టుకునేది ఈ కొలతనే. నేను రేణిగుంట తమ్ముడి పక్షం. కొలత నేర్పాలి.

అయ్యవారు, చిత్తూరు:
అదే సూత్రంలో 55 బదులు 50 వెయ్యి. జవాబు సుమారు మైనస్ 5.6 శాతం వస్తుంది. అంటే రూపాయి కూడా కట్టొద్దని. ఆ రేటుకి లాభం నష్టం లేకుండా బయటపడాలన్నా 52.6 శాతం గెలవాలి. మరి నీది 55 అని నీకెలా తెలుసు? 2022 నుంచి 2025 దాకా ఐపీఎల్ సీజన్‌కి 74 మ్యాచ్‌లు. 41 సరిగ్గా చెప్తే 55 శాతం దాటినట్టే. కానీ ఊరికే నాణెం ఎగరేసి చెప్పినా ఐదుగురిలో దాదాపు ఒకరికి 41 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తాయి. ఆ ఒక్కడే తనకు పని తెలుసనుకుని మరుసటేడు పెద్ద మొత్తంతో దిగుతాడు. నేర్పో అదృష్టమో కాస్తయినా తేలాలంటే 400 పందేలన్నా కావాలి. ప్రతిదీ రేటుతో సహా, మ్యాచ్‌కి ముందే పుస్తకంలో రాసి ఉండాలి. పోయినవి మరిచిపోయి గెలిచినవి చెప్పుకునేవాడి 55ని నమ్మడానికి లేదు.

కపిలతీర్థం:
పలమనేరు అన్నా, మీరిద్దరూ చేసే లెక్కలు బుర్ర చల్లగా ఉన్నప్పటివి. మూడు పందేలు ఓడినవాడి బుర్ర అలా ఉండదు.

మనస్తత్వవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లో రాసిన సిద్ధాంతంలో ఇక్కడికి పనికొచ్చేవి రెండున్నాయి. వెయ్యి పోయిన బాధ వెయ్యి వచ్చిన సంతోషం కన్నా చాలా ఎక్కువ. అది చాలామందికి తెలుసు. రెండోది పెద్దగా ఎవరూ చెప్పరు: నష్టం పెరిగేకొద్దీ దాని మీద ఇంకొంత పోతే కలిగే బాధ తగ్గుతూ వస్తుంది. మొదటి 2000 పోయినప్పుడు కడుపులో దేవినట్టు ఉంటుంది. 20,000 పోయాక ఇంకో 2000 లెక్కలోకే రాదు. లెక్క సున్నాకి వస్తుందన్న ఆశ మాత్రం అలాగే ఉంటుంది. నష్టపోయినవాళ్లు మామూలు రిస్కుకి జంకుతారనీ, ఒక్క దెబ్బతో మొత్తం పూడే అవకాశం కనిపిస్తే దానివైపే మొగ్గుతారనీ 1990లో థేలర్, జాన్సన్ అనే పరిశోధకులు చూపించారు. మూడు ఓడితే ఆగాలనే నియమం పనిచెయ్యాల్సింది సరిగ్గా ఆ ఘడియలోనే. పొద్దున నియమం రాసుకున్నప్పుడున్న మనసు అప్పుడుండదు.

పైగా వేగం. టీ20లో రెండు ఇన్నింగ్స్‌కి 240 బంతులు. ఓవర్లలో ఎన్ని పరుగులొస్తాయన్న దాని మీద కూడా మ్యాచ్ నడుస్తుండగానే పందేలు. ఒక ఓటమికీ తర్వాతి పందేనికీ మధ్య యూపీఐ పిన్ కొట్టేంత సమయమే ఉంటుంది. కసి చల్లారే లోపే ఇంకో నాలుగు పడిపోతాయి.

2013లో వచ్చిన అమెరికన్ మానసిక వైద్యుల ప్రమాణ గ్రంథం డీఎస్‌ఎం-5 జూద వ్యాధికి 9 లక్షణాలు ఇచ్చింది. పోయినది రాబట్టుకోవడానికి మరో రోజు మళ్లీ రావడం అందులో ఒకటి. ఏడాదిలో 4 కనిపిస్తే అది జబ్బే. బుద్ధి చెబితే పోయేది కాదు. (పార్కిన్సన్స్‌కి వాడే ప్రామిపెక్సోల్ లాంటి మందుల వల్ల కూడా కొందరిలో కొత్తగా జూదం మొదలవుతుంది. పెద్దవయసులో ఉన్నట్టుండి పందేలు కడుతుంటే మందుల చీటీ డాక్టరుకి చూపించండి.)

బ్యాంకు కౌంటరు:
కపిలతీర్థం అక్క చెప్పింది నిజమైతే నియమాన్ని మనిషి మీద వదలకూడదు, డబ్బు వెళ్లే దారి మీద పెట్టాలి. బ్రిటన్‌లో 2020 ఏప్రిల్ నుంచి క్రెడిట్ కార్డుతో పందెం కట్టడం కుదరదు. లైసెన్సున్న సైట్లన్నిటి నుంచి ఒకేసారి పేరు తీయించుకునే గామ్‌స్టాప్ కూడా ఉంది. ఇక్కడ నడిపేవాళ్లే చట్టం బయట ఉన్నప్పుడు ఎవరి దగ్గర పేరు తీయించుకుంటాం? యాప్‌లో "రోజు లిమిట్" ఆప్షన్ పెట్టినా దాన్ని నిలబెట్టే దిక్కు లేదు. గెలిచిన డబ్బు ఎగ్గొట్టినా కోర్టుకి పోలేం. 1872 కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ కింద పందెం ఒప్పందం చెల్లదు.

కాబట్టి మన వైపు నుంచే మూయాలి. జీతం పడే ఖాతాని యూపీఐ యాప్‌ల నుంచి తీసెయ్యండి. రోజువారీ ఖర్చుకి వేరే ఖాతా తెరిచి, వారానికి సరిపడా మాత్రమే అందులోకి పంపండి. బ్యాంకు యాప్‌లో కార్డు ఆన్‌లైన్ వాడకం ఆఫ్ చెయ్యండి. మిగిలింది ఇంట్లో నమ్మకస్తులతో కలిపి, ఇద్దరూ సంతకం పెడితేనే డబ్బు తీసే జాయింటు ఖాతాలో ఉంచండి. "ఎవరైనా ఒకరు" అనే పద్ధతిలో తెరిస్తే ప్రయోజనం లేదు, ఫారంలో అక్కడే చాలామంది పొరబడతారు. ఇద్దరి సంతకం ఖాతాకి సాధారణంగా ఏటీఎం కార్డు ఇవ్వరు. మనకి కావాల్సిందీ అదే. ఫోన్‌లో లోన్ యాప్‌లు తీసెయ్యండి. ఇంట్లో నగలు లాకర్లోకి పోవాలి, ఎందుకంటే ఖాతా మూశాక తర్వాతి చూపు తాకట్టు మీదే పడుతుంది.

తాతయ్యగుంట:
నాయనా, ఇంట్లోవాళ్లు చేసే పని ఒకటుంది, దాని గురించి ఎవరూ రాయలేదు. కొడుకు అప్పులు చేశాడని తెలియగానే పరువుకి జంకి, తోతాపురి కాయ డబ్బు రాగానే మొత్తం తీర్చేస్తారు. దారులు మూయకుండా అప్పు తీరిస్తే వాడికి మళ్లీ అప్పు పుడుతుంది, అంతే. ముందు ఒక కాగితం మీద అన్నీ రాయించండి: ఎవరికి, అసలెంత, వడ్డీ ఎంత, గడువెప్పుడు. నూటికి నెలకి పది రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 120 శాతం, అది మొదట తీర్చాలి. డబ్బు వాడి చేతికి ఇవ్వకుండా అప్పిచ్చినవాడికే నేరుగా కట్టి, రాసిచ్చిన నోటు వెనక్కి తీసుకోండి. మొదటి రోజు చెప్పిన లెక్క పూర్తి లెక్క కాదని అనుకునే మాట్లాడండి. అరిస్తే మిగతావి దాస్తారు.

రేణిగుంట రోడ్డు:
జబ్బు స్థాయికి పోయినవాడికి మీ మాటే సరి. కానీ ఇంకా ఆ గీత దాటనివాడికి నా నియమాలు పనికొస్తాయనే అంటాను. మొదటి ఐదొందల దగ్గరే ఆగేవాడు కూడా ఉంటాడు కదా.

కపిలతీర్థం:
ఉంటాడు తమ్ముడూ. వాడు ఏ వైపు ఉన్నాడో నీ నియమంతోనే తెలుస్తుంది. రాసుకున్న హద్దుని ఒక సీజన్‌లో ఒక్కసారి దాటినా, దాటిన సంగతి ఇంట్లో దాచినా, ఇక హద్దు తగ్గించి చూద్దాం అనుకోకూడదు. బ్యాంకు అన్న చెప్పినవి అప్పుడే మొదలుపెట్టాలి. తిరుపతి రుయా ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూపించుకోవచ్చు. ఫోన్‌లో అయితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, ఏ వేళైనా, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. "చచ్చిపోతే పీడా పోతుంది" లాంటి మాట నోట వస్తే తెల్లారేదాకా ఆగొద్దు, మనిషిని ఒంటరిగా వదలొద్దు.

పలమనేరు:
పెళ్లయిన మగవాడి సంపాదన మీద ఇంకొకరి సంతకం అంటే వాడు తల ఎత్తుకోగలడా? ఆ కోపంతోనే ఇంకో దారి వెతుకుతాడు.

బ్యాంకు కౌంటరు:
అందుకే గడువు ముందే చెప్పాలి అన్నా. మొదట ఆరు నెలలు. ఆ ఆరు నెలలూ అన్ని ఖాతాల స్టేట్‌మెంట్లు నెలకోసారి ఇద్దరూ కూర్చుని చూడాలి. తెలియని పేర్లకి పోయిన చిన్న మొత్తాలు ముందు వెతకండి, ఈ యాప్‌లు తరచూ ఎవరెవరి ఖాతాల్లోనో డబ్బు వేయించుకుంటాయి. అలాంటివి లేకుంటే ఖర్చు ఖాతాలోకి వారానికి పోయే మొత్తాన్ని కొంచెం పెంచండి. ఇంకో ఐపీఎల్ సీజన్ దాటేదాకా జీతం ఖాతాకి యూపీఐ తిరిగి పెట్టొద్దు.